కోడలి చేతిలో నాలుగు డబ్బులు ఉండాలిరా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వీడి యూనిట్ లడఖ్ కదులుతోందట, ఇరవై రోజుల్లో వెళ్ళిపోవాలట" అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మ ఏమైందని అడిగితే విషయం చెప్పాను. ఎంత ఎత్తులో ఉంటాడు, చలి ఎంత ఉంటుంది అని అడుగుతుందనుకున్నాను. "పిల్లకి చెప్పాడా?" అంది. అంతే. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో చెబితే నువ్వు "అలాగే పెదనాన్నా" అంటావు, మాట అక్కడితో అయిపోతుంది.

ముందు ఒకటి చెప్పనీ. నిన్ను చూస్తే నాకు ఛాతీ పొంగుతుంది. 2019లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో నువ్వు ప్రమాణం చేసిన కసమ్ పరేడ్ చూస్తుంటే, 1992లో అదే మైదానంలో నేను నిలబడ్డ రోజు గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి. 26 ఏళ్ళు చేసి సుబేదార్‌గా బయటికొచ్చినవాణ్ణి. నీకు ఫిరంగి పట్టడం నేర్పక్కర్లేదు, మీ ఉస్తాద్‌లు నేర్పారు. పెళ్ళై నాలుగు నెలలు కాకుండా భార్యని మన ఊళ్ళో వదిలి పోతున్నావు చూడు, అది మాత్రం ఏ సెంటర్లోనూ నేర్పరు.

కాగితాల పని ముందు తెముల్చుకో. నీ పెళ్ళి ఆర్మీ రికార్డులోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ పడిందో లేదో క్లర్క్ మాట నమ్మకుండా నీ కళ్ళతో చూసుకో. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో, ప్రావిడెంట్ ఫండ్‌లో నామినీగా ఇంకా మీ అమ్మ పేరే ఉండి ఉంటుంది. ఎవరికెంత వాటానో మీ అమ్మానాన్నలతో మాట్లాడే మార్పించు, తర్వాత మాట రాకూడదు. కోడలికి డిపెండెంట్ కార్డు చేయించు. అదుంటే విశాఖలో నేవీ వాళ్ళ కల్యాణి హాస్పిటల్‌కి ధైర్యంగా వెళ్ళగలదు. నీ నంబరు, ర్యాంకు, యూనిట్, 56 ఏపీఓ అడ్రసు ఒక కాగితం మీద రాసి ఇవ్వు. శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో ఒకసారి బండి మీద తీసుకెళ్ళి చూపించు. వెళ్ళే ముందు ఇవన్నీ మాట్లాడటం అశుభం అని మీ అమ్మ అంటుంది. అననీ. చేసెయ్.

లేహ్‌లో విమానం దిగాక తొందరపడకు. దిగిన చోటే పదిన్నర వేల అడుగుల పైన. మనం సముద్రం పక్కన పుట్టిన వాళ్ళం, మన ఊపిరితిత్తులకి ఆ గాలి కొత్త. మొదటి మెట్టుకి 6 రోజులు, 12,000 అడుగులు దాటాక 4 రోజులు, 15,000 దాటాక మరో 4 రోజులు ఆగమని ఊరికే పెట్టలేదు. మొదటి రెండు రోజులు పూర్తిగా పడుకో. నాకేం కాలేదని వాలీబాల్ ఆడినవాణ్ణీ చూశాను, వాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్ళడమూ చూశాను.

2006లో నేను సియాచిన్ గ్లేసియర్ మీద డ్యూటీ చేశాను. 2003 నవంబర్ నుంచి అక్కడ కాల్పులు ఆగాయి కాబట్టి మా రోజుల్లో భయమంతా మంచుదీ, ఊపిరిదీ. మా డిటాచ్‌మెంట్లో ఒక కుర్రాడు, నీ వయసువాడే. ఇంకో పది రోజుల్లో ఛుట్టీ, అదే సెలవు. దగ్గు మొదలైంది. డాక్టర్‌కి చెబితే కిందికి దింపేస్తారు, హాస్పిటల్లో పడేస్తారు, ఛుట్టీ పోతుందని రెండు రోజులు దగ్గు మింగాడు. రెండో రాత్రి నేను వాడి పక్కన పడుకున్నాను. వాడి ఛాతీలోంచి నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు వస్తుంటే లేచి టార్చి వేశాను. తుండు మీద గులాబీ రంగు నురగ. తెల్లారగానే హెలికాప్టర్ రావడం వాడి అదృష్టం, బతికాడు. ఎత్తు మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మందులకంటే ముందు కిందికి దిగడమే వైద్యం. అందుకని దగ్గొచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా వెంటనే చెప్పు. ఎవడో నవ్వుతాడని దాచావంటే నేను ఊరుకోను. ఇది కోపంగానే రాస్తున్నాను.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ వాళ్ళు పదిమంది దాని కింద ఉండిపోయారు. మన కర్నూలు జిల్లా కుర్రాడూ ఉన్నాడు వాళ్ళలో. ఆరో రోజున లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికాడు. 11వ తేదీన ఢిల్లీలో పోయాడు. ఆ మూడు రోజులూ మీ పెద్దమ్మ మా క్వార్టర్లో టీవీ ఆపనివ్వలేదు. అప్పుడు నేను సరిహద్దుకి దూరంగా, కుటుంబంతో ఉండే పీస్ స్టేషన్లో, ఆవిడ పక్కనే ఉన్నాను. అయినా అంతే. నిన్న నీ కబురు విని వంటింట్లోకి ఎందుకు వెళ్ళిపోయిందో నాకు తెలుసు.

ఫోన్ సంగతి. ఎక్కడున్నావో చెప్పకు, కోడలు అడిగినా చెప్పకు. యూనిఫాంలో ఉన్న నీ ఫోటో ఆ పిల్ల స్టేటస్‌లో పెట్టకూడదని నువ్వే నెమ్మదిగా చెప్పు, మీ అమ్మ చేత చెప్పించకు. 2020లో 89 యాప్‌లు తీసెయ్యమని ఆర్మీ ఎందుకు చెప్పిందో నీకు నాకంటే బాగా తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

2001 డిసెంబర్. అప్పటికి నాది తొమ్మిదేళ్ళ సర్వీసు, నాయక్‌ని. సంక్రాంతికి ఛుట్టీ మంజూరైంది, రైలు టికెట్ పెట్టెలో ఉంది. మీ అక్క అప్పుడు ఏడాది పిల్ల. డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. కొద్దిరోజులకే ఛుట్టీలన్నీ రద్దు చేసి, ఫిరంగులతో సహా మమ్మల్ని రైలెక్కించి రాజస్థాన్ సరిహద్దుకి తోలారు. ఆపరేషన్ పరాక్రమ్. రేపు యుద్ధం, ఎల్లుండి యుద్ధం అనుకుంటూ పది నెలలు ఇసుకలో కూర్చున్నాం. యుద్ధం రాలేదు. అక్టోబర్లో వెనక్కి రమ్మన్నారు.

ఆ పది నెలలూ నేను చాలా బాధ్యతగా ఉన్నాననుకున్నాను. నెల తప్పకుండా మనియార్డర్ పంపాను, మీ తాత పేరు మీద. మీ మేనత్త పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. ఇంటి పెద్ద ఆయన, ఆయనకి పంపడమే పద్ధతి అనుకున్నాను. ఆ ఫారం అడుగున రెండు ముక్కలు రాసుకోడానికి కాస్త చోటుండేది. "నాన్నగారికి నమస్కారాలు. నేను క్షేమం. అప్పులో వెయ్యి కట్టండి. అందరినీ అడిగానని చెప్పండి" అని రాసేవాణ్ణి. ఆ అందరిలో మీ పెద్దమ్మ ఒకత్తె.

ఫోన్ అంటే పదిహేను రోజులకోసారి వెనక బజారుకి లారీ వెళ్ళినప్పుడు. ఎస్టీడీ బూత్ ముందు ముప్ఫై మంది లైను. లోపల ఎర్ర అంకెలు గిర్రున తిరిగిపోతుంటాయి, బయటివాడు అద్దం మీద కొడుతుంటాడు. మన ఇంట్లో ఫోన్ లేదు, పక్కింటికి చేసేవాణ్ణి. వాళ్ళ వసారాలో ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడేవాళ్ళు. నేను డబ్బు అందిందా, వానలు పడ్డాయా, వరి ఉభాలు, అదే నాట్లు, అయ్యాయా అని మీ తాతని అడిగేవాణ్ణి. చివర్లో ఆవిడకి ఫోన్ ఇచ్చేవాళ్ళు. "బాగున్నావా?" "బాగున్నాను." "పాప?" "బాగుంది." పెట్టేసేవాణ్ణి. అంతమంది మధ్యలో ఇంకేం చెబుతుందిరా? నాకు అది తట్టలేదు. బాగుందంటే బాగుందనుకున్నాను.

కార్తీకంలో ఇంటికొచ్చాను. పెరట్లో అందరూ ఉన్నారు, మీ నాన్నా ఉన్నాడు. ఆవిడ నా చేతిలో పెట్టె అందుకోడానికి వంగింది. చెవులకి కమ్మలు లేవు. ఆ కుట్లలో వేపపుల్లలు ఉన్నాయి. అగ్గిపుల్లలో సగం ఉంటాయేమో, చివర్లు నున్నగా గీసి పెట్టుకుంది. పెళ్ళికి వాళ్ళ నాన్న చేయించిన కమ్మలు అవి. నా నోటికి మొదట ఏమొచ్చిందో తెలుసా? "కమ్మలేవి? పుట్టింటికి గాని పంపావా?" అన్నాను. పది నెలల తర్వాత, అందరి ముందూ, పెళ్ళాంతో అన్న మొదటి మాట.

ఆవిడ నా మొహం వైపు చూడలేదు. "కుట్లు పూడుకుపోతాయని పుల్లలు పెట్టుకున్నాను" అంది. నేనడిగింది కమ్మల గురించి, ఆవిడ చెప్పింది పుల్లల గురించి. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను రెండు రోజులు ముభావంగా తిరిగాను. దొరక్క దొరికిన ఛుట్టీలో రెండు రోజులు.

మూడో రోజు పాప టీకాల కార్డు కోసం ఆవిడ ట్రంకు పెట్టె తీశాను. చీరల కింద షావుకారు రాసిచ్చిన చీటీ కనబడింది. 2002 ఆగస్టు తేదీ. కమ్మలు జత ఒకటి, రూ. 1,200. దాన్ని చుట్టి ఒక నర్సింగ్ హోం కాగితం, దాని మీద పాప పేరు. పిల్లకి నిమ్ము చేసింది. రాత్రి ఎగశ్వాస తీస్తుంటే తెల్లారేసరికి భుజాన వేసుకుని మొదటి బస్సుకి శ్రీకాకుళం తీసుకెళ్ళింది. నాలుగు రోజులు అక్కడే. ఇంట్లో వాళ్ళకి "జ్వరం, తగ్గింది" అని చెప్పింది. నాకు "బాగుంది" అని చెప్పింది.

ఆ చీటీ అడుగున దారంతో కట్టిన చిన్న కాగితాల కట్ట ఒకటి ఉంది. నేను పంపిన మనియార్డర్ ఫారాల అడుగు ముక్కలు. మీ తాత చదివి గూట్లో పడేసినవి ఏరి దాచుకుంది. పదీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒక్కదాంట్లో కూడా ఆవిడ పేరు లేదు.

ఆ సాయంత్రమే వెళ్ళి కమ్మలు విడిపించుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్క మాట అనలేకపోయాను. తప్పైపోయింది అనడం అప్పట్లో నాకు రాదు. ఆవిడ అద్దం ముందు కూర్చుని పుల్లలు ఒక్కొక్కటే తీసింది, ఎడమ చెవి దగ్గర కొద్దిగా రక్తం వచ్చింది.

ఏడేళ్ళ తర్వాత ఫ్యామిలీ క్వార్టర్ దొరికి కలిసి ఉన్నప్పుడు ఒకరోజు అడిగాను, నాన్నని అడిగితే ఇచ్చేవాడు కదా అని. మీ తాత చెడ్డవాడు కాదు, నీకు తెలుసు. "మావయ్యగారు ఇచ్చేవారే. కానీ ఆ డబ్బులో నాక్కూడా కొంత ఉందని మీరెప్పుడూ చెప్పలేదు కదా" అంది. కోపంగా అనలేదు. బియ్యం ఏరుకుంటూ అంది.

ఇది నీకు రాయొచ్చా అని ఇందాక ఆవిడనే అడిగాను. "ఇప్పుడెందుకు అవన్నీ" అంది. కాసేపాగి "రాయండి" అంది.

అందుకని నేను చెప్పేది విను. నువ్వు వెళ్ళేలోపు కోడలి పేరు మీద విడిగా ఖాతా ఉండాలి. జీతం పడిన రోజే దానంతటదే ఆ ఖాతాకి కొంత వెళ్ళేట్టు పెట్టు. ఎంత అనేది మీ ఇద్దరి ఇష్టం. దేనికి ఖర్చుపెట్టావని అడగకు. మీ నాన్నకి పంపేది ఆయనకి వేరే పంపు. ఆ సంగతి మీ అమ్మానాన్నల ముందే, నీ నోటితో, కోడలు అక్కడ ఉండగా చెప్పు. "ఇది తన ఖర్చులకి" అని. మీ అమ్మ మొహం కాస్త మాడుతుంది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోతే ఆ మాట పడేది కోడలే, నువ్వు మూడువేల కిలోమీటర్ల అవతల ఉంటావు.

ఫోన్ కూడా అంతే. ఇప్పుడు ఎస్టీడీ బూత్‌ల బాధ లేదు గాని, పైన పోస్టులో ఎప్పుడు సిగ్నల్ ఉంటుందో, ఎప్పుడు మాట్లాడనిస్తారో నీ చేతిలో ఉండదు. దొరికిన పది నిమిషాల్లో స్పీకర్ పెట్టి ఇల్లంతా మాట్లాడితే అది మా పక్కింటి వసారానే. అమ్మతో విడిగా మాట్లాడు, భార్యతో విడిగా మాట్లాడు. "అంతా ఓకే" అనకు. నీ జాగా, నీ పని చెప్పకూడదు గాని, పెదాలు పగిలాయని, లంగర్లో, అదే మన యూనిట్ వంటశాలలో, చపాతీ తినలేక అన్నం కోసం అల్లాడుతున్నానని, రాత్రి నిద్ర పట్టలేదని చెప్పొచ్చు కదా. నువ్వు దాచకపోతేనే ఆ పిల్లా దాచదు. కొన్ని రోజులు ఫోన్ రాదని ముందే చెప్పి ఉంచు, అప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మూడు రోజులు ఇంటికి లైను కలవలేదు నాకు. డ్యూటీ చేస్తున్నానే గాని ఏం చేస్తున్నానో తెలీదు. కబురు తెలీని మూడు రోజులు ఎలా ఉంటాయో అప్పుడు అర్థమైంది. ఆవిడ అలాంటి రోజులు ఎన్ని గడిపిందో లెక్క లేదు.

ఛుట్టీ ఏడాదికి 60 రోజులు, సీఎల్, అంటే క్యాజువల్ లీవు, ఇంకో 30 రోజులు. వినడానికి చాలా అనిపిస్తుంది. బంధువుల పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ తలా వారం పంచావంటే చేతిలో ఏమీ మిగలదు. కోడలికి పురుడు వచ్చే ఏడాది ఎంత లేదన్నా నెల రోజులు దాచుకో. మీ అక్క పుట్టినప్పుడు నేను లేను. ఎవరి పెళ్ళికో ఛుట్టీ ముందే అవగొట్టుకున్నాను. ఎవరి పెళ్ళో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

వచ్చినప్పుడు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్‌లా ఇల్లంతా తిరిగి అది ఇక్కడెందుకుంది, ఇది అక్కడెందుకుంది అనకు. నువ్వు లేకుండా ఆ ఇల్లు నడవడం నేర్చుకుంటుంది. నడవాలి కూడా. నిన్ను అడక్కుండా ఆ పిల్ల ఏదైనా నిర్ణయం తీసుకుంటే కష్టపెట్టుకోకు. నాలుగు రోజులు కూర్చుని చూడు, తర్వాత మాట్లాడు.

కోడలు డీఎస్సీకి చదువుతోందని మీ నాన్న చెప్పాడు. చదవనీ. రేపు నీకు పీస్ స్టేషన్ వస్తే ఉద్యోగం వదిలి రాలేదు, మళ్ళీ విడిగా ఉండాలి, అది నిజమే. నేను ఆలోచించాను దీని గురించి. అయినా చదవనీ అనే అంటాను. సెలవుల్లో నీ దగ్గరికి వస్తుంది. పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక బడి, తనకంటూ నలుగురు మనుషులు ఉంటే నువ్వు లేని ఇంట్లో రోజు తొందరగా గడుస్తుంది. మీ పెద్దమ్మకి అది లేకపోయింది. పదో తరగతిలో మంచి మార్కులు ఆవిడకి. ఇంకా చదివిస్తానని పెళ్ళిలో నేనే అన్నాను.

మీ పెద్దమ్మ నీకోసం ఉన్ని మేజోళ్ళు కొనమంటోంది. ఆర్మీ ఇస్తుందని ఎంత చెప్పినా వినదు. తెస్తాను, కాదనకుండా పెట్టెలో పెట్టుకో.

నీ రైలు రోజు నేను ఆమదాలవలస స్టేషన్‌కి వస్తున్నాను. మీ అమ్మ ఏడుస్తుంది, మీ నాన్న సామాను పదిసార్లు లెక్కపెడతాడు. బండి రావడానికి పావుగంట ముందు వాళ్ళిద్దర్నీ టీ తాగిద్దామని నేను అవతలి చివరికి తీసుకెళ్తాను. నువ్వు మా వెంట రాకు. కోడలి దగ్గర ఉండు.

మీ
పెదనాన్న